కణంలోని శక్తిని కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు

ప్రాణుల శరీరం కణాల సముదాయమని నేడు హైస్కూలు విద్యార్థికి సైతం తెలుసు. ఆ కణం ఏ శక్తిని ఖర్చు చేసి పని నడుపుకుంటుందో లోకానికి వెల్లడించిన కొద్దిమందిలో ఒక తెలుగువారున్నారన్న సంగతి మాత్రం చాలా ఇళ్ళకు చేరలేదు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగునాట పుట్టి, తమిళనాట చదివి, అమెరికాలో కన్నుమూసిన శాస్త్రవేత్త. ఇంట ఒక భాష, వీథిలో మరొక భాషగా బ్రతికే ధర్మపురి జిల్లా కడత్తూరు వంటి ఊళ్ళ తెలుగు కుటుంబాలకు ఆయన జీవితంలోని తొలి సగం ఎంతో పరిచితంగా తోస్తుంది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. నాడు ఆ సీమ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగవవారు. తండ్రి ఉద్యోగం పోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనం గడించాలని బాలుడైన సుబ్బారావు ఇల్లు విడిచి బయలుదేరడం, పట్టుబడి తిరిగిరావడం ఆయన జీవితచరిత్రలు వ్రాసినవారంతా తప్పక చెప్పే ముచ్చట. రాజమండ్రిలో చదువు సాగలేదు. ఇంట్లో వరుస మరణాలు సంభవించాయి. తల్లి తన బంగారాన్ని వదులుకుని కుమారుణ్ణి మద్రాసు పంపింది. అక్కడి హిందూ హైస్కూలులో, మూడవ ప్రయత్నంలో, ఆయన మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. రెండుసార్లు పరీక్ష తప్పిన ఈ విద్యార్థే తరువాతి కాలంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందడం గమనార్హం.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగించి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖర్చుకు మిత్రులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదుకున్నారు. ఆ సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరినే సుబ్బారావు 1919లో వివాహమాడారు. గాంధీజీ పిలుపు విని శస్త్రచికిత్సశాలలోకి సైతం ఖద్దరు దుస్తులతో వెళ్ళడం సర్జరీ ఆచార్యులు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఆగ్రహం తెప్పించింది. వ్రాతపరీక్షలలో రాణించినా సుబ్బారావుకు ఎంబీబీఎస్ బదులు దానికంటె తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని ప్రయత్నించారు, ఫలించలేదు. చివరకు మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించే కొలువు దొరికింది.

ఈ కాలంలోనే ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన విషాదం జరిగింది. సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. తిన్నది ఒంటబట్టక, ఎడతెగని విరేచనాలతో, నోటిపూతతో, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే జబ్బు అది. సుబ్బారావుకూ అదే వ్యాధి సోకగా లక్ష్మీపతి వైద్యంతో కోలుకున్నారు. ఆనాటి ఏ వైద్యశాస్త్ర గ్రంథమూ ఆ వ్యాధికి కారణం చెప్పలేకపోయింది. ఆ కారణాన్ని వెదకడానికే తాను బ్రతికి ఉన్నానన్న భావం ఆయనలో స్థిరపడిందనడానికి తరువాతి ముప్పై ఏళ్ళ జీవితమే సాక్ష్యం.

కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది, మామగారు కొంత ధనం సమకూర్చారు. 1922 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. కొన్నేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి వెళ్ళిన మనిషి మళ్ళీ స్వదేశం చూడలేదు. ఆయన వెళ్ళాక పుట్టిన మగబిడ్డ పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. శేషగిరి జీవితమంతా నిరీక్షణగానే గడిచింది. సుబ్బారావు కీర్తిని చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని వదిలివేయడం న్యాయం కాదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదివే రోజుల్లో పొట్ట గడవడానికి ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేశారు. చదువు ముగిశాక జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరారు. అక్కడ చేపట్టిన పని పైకి అల్పమైనదే. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలవడం. అప్పటివరకు దానికి సులభమైన, నమ్మదగిన పద్ధతి లేదు. నమూనాకు మాలిబ్డేట్ లవణాన్ని కలిపి, పిదప మరొక రసాయనం చేర్చితే ఫాస్ఫరస్ ఉన్న మేరకు నీలిరంగు వస్తుంది. రంగు ముదురైతే ఫాస్ఫరస్ ఎక్కువ, లేతైతే తక్కువ. 1925లో ప్రచురితమైన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని ఆ తరువాత దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలలు వాడుకున్నాయి.

ఈ కొలత పనిలోనే పెద్ద ఆవిష్కరణ బయటపడింది. కండరం నుంచి తీసిన ద్రవంలో నీలిరంగు రావలసినంత వేగంగా రావడంలేదు. కొలత తప్పని వదిలివేయకుండా వారిద్దరూ కారణం వెదికారు. కండరంలో ఫాస్ఫరస్ మరొక పదార్థంతో జతకూడి, తేలికగా విడిపోయే రూపంలో ఉన్నదని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసి అలసినప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతి పొందగానే మళ్ళీ కూడుతుంది. 1927 నాటి ఈ ప్రకటనతో కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి సిద్ధాంతం కదిలిపోయింది. ఆ సిద్ధాంతానికి సంబంధించిన కృషికి ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పొంది ఉన్నారు. ఇంగ్లండులోని శాస్త్రవేత్తలు కూడా స్వతంత్రంగా అదే పదార్థాన్ని గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావులు మరొక అడుగు ముందుకు వేసి అడెనోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కొద్దిగా ముందుగా దానినే ప్రచురించారు కనుక ఆ ఘనత ఇరుపక్షాలదీ. మరుసటి ఏడు, 1930లో, సుబ్బారావుకు డాక్టరేటు దక్కింది.

ఏటీపీ విలువ ఏమిటో తేలడానికి ఇంకొక పదేళ్ళు పట్టింది. కూలికి నాణెం ఎటువంటిదో కణానికి ఏటీపీ అటువంటిది. తిన్న రాగి సంగటి గాని, అన్నం గాని నేరుగా కణానికి పనికిరాదు. దానిని ఏటీపీగా మార్చుకుని ఖర్చు చేసుకోవాలి. ఒక మనిషి ఒక రోజులో తయారుచేసి ఖర్చు పెట్టే ఏటీపీ సుమారుగా ఆ మనిషి బరువంత ఉంటుందని అంచనా. శరీరంలో ఏ క్షణాన చూసినా నిలువ ఉండేది మాత్రం చాలా తక్కువే. వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోయే బీద ఇంటి సంసారం వంటిది కణసంసారం.

మరి ఈ నాణేలు ఖర్చయ్యే చోటు ఏది? ఆనాడు సుబ్బారావుకే కాదు, మరెవరికీ కణం లోపలి అమరిక స్పష్టంగా కనబడలేదు. సామాన్య సూక్ష్మదర్శినిలో కేంద్రకం, దాని చుట్టూ మసకబారిన జీవద్రవ్యం మాత్రమే కనిపించేవి. ఇటలీకి చెందిన ఎమీలియో వెరాట్టి 1902లోనే కండరకణంలో సన్నని వలవంటి అల్లికను చూసి బొమ్మ గీశారు గాని, లోకం నమ్మక మరచిపోయింది. 1945లో న్యూయార్క్ నగరంలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో కీత్ పోర్టర్, ఆల్బర్ట్ క్లాడ్, ఎర్నెస్ట్ ఫుల్లాంలు కోడిపిండపు కణాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద చూసినప్పుడు జీవద్రవ్యంలో జల్లెడ అల్లికవంటి వల ఒకటి కనబడింది. అదే అంతర్జీవద్రవ్య జాలకం. విచిత్రమేమంటే ఆ రోజుల్లో సుబ్బారావు అదే న్యూయార్క్ రాష్ట్రంలో, ఆ నగరానికి ఉత్తరాన కొద్ది దూరంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో పనిచేస్తున్నారు.

ఈ జాలకం పొరలతో ఏర్పడిన గొట్టాలు, సంచుల అల్లిక. కేంద్రకపు పొరతో కలిసిపోయి కణమంతా వ్యాపించి ఉంటుంది. జంతుకణంలోని మొత్తం పొరలో సగానికి పైగా దీనిదే. రైబోసోములనే రేణువులు అంటుకుని ఉన్న భాగాన్ని గరుకు జాలకమంటారు. కణం వెలుపలికి పంపవలసిన మాంసకృత్తులు అక్కడ తయారై, మడతలు పడి రూపుదిద్దుకుంటాయి. రైబోసోములు లేని నున్నని భాగంలో కొవ్వులు తయారవుతాయి, విషాలు విరుగుతాయి. జీర్ణరసాలు ఊరించే క్లోమకణంలో గరుకు జాలకం దట్టం. మందులను, మద్యాన్ని విరగ్గొట్టే కాలేయకణంలో నున్నని జాలకం సమృద్ధి.

ఏ కణాలలో ఇది ఉన్నది, ఏ కణాలలో లేదు అన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు సూటియైనదే. కేంద్రకం ఉన్న జీవులన్నింటిలో ఉన్నది. మనిషి, ఆవు, చేప, చింతచెట్టు, పుట్టగొడుగు, కల్లును పులియజేసే ఈస్టు, మలేరియా క్రిమి, అన్నీ ఈ కోవలోనివే. వరి గింజలోని మాంసకృత్తులలో ఒక భాగం నిలువ చేరేది ఈ జాలకంలోనే. కేంద్రకం లేని బాక్టీరియాలలో ఇది లేదు. పాలను పెరుగుగా తోడుపెట్టే క్రిమిలోనూ లేదు, క్షయను తెచ్చే క్రిమిలోనూ లేదు. వాటి రైబోసోములు కణద్రవంలో గాని, పైపొరను ఆనుకుని గాని పనిచేస్తాయి. ఇక మనిషిలోనే ఒక విశేషం ఉన్నది. ఎర్రరక్తకణం ఎముక మూలుగలో పుట్టినప్పుడు కేంద్రకం, జాలకం రెండూ ఉంటాయి. ముదిరేకొద్దీ రెండింటినీ వదిలించుకుని, ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌తో నిండిన సంచిగా మిగులుతుంది. మలేరియా క్రిమి తన జాలకంతో సహా వచ్చి కాపురం పెట్టేది జాలకం లేని ఈ కణంలోనే.

కండరంలో ఈ వలకు మరొక కొలువున్నది. అక్కడ అది కాల్షియాన్ని నిలువచేసే గిడ్డంగి. నరం ఆజ్ఞ అందగానే కాల్షియాన్ని వదులుతుంది, కండరం బిగుసుకుంటుంది. ఆ కాల్షియాన్ని మళ్ళీ గిడ్డంగిలోకి తోడితేనే కండరం సడలుతుంది. ఆ తోడే పనికి కావలసిన ఖర్చు ఏటీపీ. 1960 ప్రాంతాల్లో జపానులో ఎబాషి, జర్మనీలో హాసెల్‌బాక్ ఈ సంగతి తేల్చారు. ప్రాణం పోగానే ఏటీపీ తయారీ ఆగుతుంది, అందుకే కొన్ని గంటలలో శవం బిగుసుకుంటుంది. సుబ్బారావు కొలిచిన పదార్థం, వెరాట్టి గీసిన వల ఈ విధంగా ఒకే కండరంలో కలిసాయి. అప్పటికి సుబ్బారావు గతించి పుష్కరకాలం దాటింది.

హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన పదవి దొరకలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్కే అసూయ వల్ల వెలుగు చూడలేదనీ, వాటిని ఇతరులు ఏళ్ళ తరువాత మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ, అక్కడ ఆయనతో పనిచేసి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచ్చింగ్స్ తరువాతి కాలంలో చెప్పారు. 1940లో సుబ్బారావు ఆ విశ్వవిద్యాలయాన్ని వదలి పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల సంస్థలో చేరి, పరిశోధనల అధిపతి అయ్యారు.

అక్కడ మొదట సాధించినది ఫోలిక్ ఆమ్లం. దీని కథకు మొదలు భారతదేశంలోనే ఉన్నది. బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయి బట్టల మిల్లుల కార్మిక స్త్రీలలో గర్భకాలపు రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో దానిని మాన్పే గుణం ఉన్నదని 1931లో ప్రకటించారు. నీలగిరులలోని కూనూరులో సైతం ఆమె పరిశోధన సాగింది. 1941లో అమెరికాలోని టెక్సస్ శాస్త్రజ్ఞులు టన్నులకొద్దీ పాలకూర నుంచి ఆ గుణమున్న పదార్థాన్ని రవంత తీసి, లాటిన్‌లో ఆకును సూచించే మాటతో దానికి ఫోలిక్ అని పేరు పెట్టారు. ఆకుల నుంచి పిండితే వచ్చేది అంత తక్కువ కనుక ప్రజలకు అందాలంటే ప్రయోగశాలలో తయారుచేయక తప్పదు. సుబ్బారావు బృందం 1945లో ఆ పని సాధించింది. ఫోలిక్ ఆమ్లం లేనిదే మూలుగలోని రక్తకణం తన జన్యుపదార్థాన్ని రెట్టింపు చేసుకోలేదు. విభజన ఆగి ఊరక లావెక్కుతుంది, ముదిరి ఎర్రకణం కాలేదు. ఈ మందుతో స్ప్రూ రోగులు తేరుకోవడాన్ని టామ్ స్పీస్ క్యూబా, పోర్టోరికో దీవులలో చూపారు. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు సుబ్బారావు చేతుల మీదుగా మందు వచ్చింది, పాతికేళ్ళు ఆలస్యంగా.

నేడు కడత్తూరు వంటి ఊళ్ళలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళే గర్భిణికి ఇచ్చే ఇనుము మాత్రలో ఉండేది ఇదే ఫోలిక్ ఆమ్లం. 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రను రోజుకొకటి చొప్పున 180 రోజులు వాడాలన్నది జాతీయ కార్యక్రమపు నియమం. గర్భం దాల్చిన తొలి వారాలలో ఇది చాలకపోతే బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా మూసుకోని ప్రమాదమున్నది. మాత్ర నల్లగా విరేచనమవుతుందనో, వికారమనో పక్కన పెట్టేవారు ఈ సంగతి ఎరుగవలసి ఉన్నది.

పెంచే మందు నుంచే ఆపే మందు కూడా పుట్టింది. బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు సోకిన పసివారిలో ఫోలిక్ వర్గపు పదార్థాలు వ్యాధిని ఎగదోస్తున్నాయని అనుమానించారు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనిని అడ్డగించే అమినాప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగానైనా వ్యాధి వెనుకంజ వేసిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. దాని వెంటనే వచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సర్లలోను, కీళ్ళవాతంలోను వాడుకలో ఉన్నది.

బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు సుబ్బారావు ప్రోత్సాహంతో మట్టి నమూనాలను పరీక్షించి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో ఇది మొదటిది. దీనిని స్రవించే జీవి బూజువలె దారాలు దారాలుగా పెరిగినా నిజానికి బాక్టీరియా. దానిలోనూ జాలకం లేదు. ఈ మందు బాక్టీరియా రైబోసోమును పట్టుకుని మాంసకృత్తుల తయారీని ఆపుతుంది. మనిషి కణపు జాలకానికి అంటుకుని ఉన్న రైబోసోముల అమరిక వేరు గనుక వాటి జోలికి అంతగా పోదు. రోగక్రిమిని చంపి రోగిని బ్రతికించడం ఈ తేడా వల్లనే సాధ్యమైంది.

తమిళంలో యానైక్కాల్ అని పిలిచే బోదకాలు సంగతి వేరు. దానిని తెచ్చే ఫైలేరియా పురుగు కూడా జంతువే. మనిషి కణంలో ఉన్నట్టే దాని కణంలో కేంద్రకం, జాలకం ఉన్నాయి. మనిషికి హాని లేకుండా దానిని మాత్రమే కొట్టే మందు దొరకడం అందువల్ల కష్టం. లెడర్లీలో 1947లో వెలువడిన హెట్రజాన్, అనగా డీఈసీ, ఆ పని చేసింది. ఫైలేరియా ఉన్న జిల్లాలలో 2004 నుంచి ఏడాదికొకసారి ఇంటింటికీ ఇస్తూ వచ్చిన మాత్ర ఇదే. 2000 ప్రాంతపు పరిశోధనలు మరొక సంగతి చెప్పాయి. ఆ పురుగు కడుపున వోల్బాకియా అనే బాక్టీరియా కాపురముంటుందనీ, టెట్రాసైక్లిన్ వర్గపు డాక్సీసైక్లిన్‌తో దానిని చంపితే పురుగు సంతానం లేక క్షీణిస్తుందనీ తేలింది. సుబ్బారావు శాలలో వేరువేరుగా పుట్టిన రెండు మందుల దారులు ఒకే పురుగు వద్ద కలిసాయి.

ఇంత చేసిన మనిషి అమెరికా పౌరుడు కాలేదు. పరిశోధనా ఫలితాలు ప్రకటించే సభలలో తాను వెనుక నిలిచి సహచరులను ముందుకు పంపడం ఆయన అలవాటు. దీనిని వినయమని మెచ్చుకున్నవారే ఎక్కువ. అయితే ఆయన పేరు బడి పుస్తకాలకు ఎక్కకపోవడానికి అదీ ఒక కారణమే. 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు 53 ఏళ్ళు. ఆరియోమైసిన్ వార్త వెలువడి నెలరోజులు కూడా నిండలేదు. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కావస్తున్నది.

1995లో, శతజయంతి సందర్భాన, భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ విడుదల చేసింది. అంతకు చాలా ముందు, 1953లో, ఒక శిలీంధ్రానికి ఆయన పేరిట సుబ్బరోమైసిస్ అని శాస్త్రనామం పెట్టారు. న్యూయార్క్‌లో కీత్ పోర్టర్ కణంలోని వలకు అంతర్జీవద్రవ్య జాలకం అన్న అర్థమిచ్చే పేరును ఖాయం చేసినది కూడా ఆ ఏడే. సుబ్బరోమైసిస్ శిలీంధ్రం కనుక దాని ప్రతి కణంలోనూ ఆ జాలకం ఉన్నది.